అక్షహృదయం – మదుపరి మనస్తత్వం: భారత ద్యూతకథల పునఃపఠనం

వ్యాససంగ్రహం:
వ్యక్తిగత మదుపరి నష్టాలకు అతని అజ్ఞానమే కారణమని, మెళకువలు నేర్పితే నష్టం ఆగుతుందని ఒక అభిప్రాయం బలంగా ఉంది. ప్రవర్తనా ఆర్థికశాస్త్రం నాలుగు దశాబ్దాలకు పైగా ఈ అభిప్రాయాన్ని ప్రశ్నిస్తోంది. ఆ శాస్త్రం గుర్తించిన మనోధర్మాలను మహాభారతంలోని మూడు ద్యూతసందర్భాలతో కలిపి చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. అవి సభాపర్వ ద్యూతం, నలోపాఖ్యానం, విరాటపర్వంలో కంకుని పాచికలాట. నలునికి అక్షహృదయం లభించిన ఘట్టాన్ని 'జ్ఞానం వ్యసనాన్ని జయించిన కథ'గా చదివే అలవాటును ఈ వ్యాసం పునఃపరిశీలిస్తుంది. కథాంశాలకు సంస్కృత మూలక్రమమే ఆధారం. నన్నయ, తిక్కనల అనువాద విశేషాలు ఈ వ్యాస పరిధిలోకి రావు.

కీలక పదాలు: ద్యూతం, అక్షహృదయం, నలోపాఖ్యానం, మదుపరి, నష్టవిముఖత, అతివిశ్వాసం, ప్రవర్తనా ఆర్థికశాస్త్రం.

1. ప్రవేశిక

2024 సెప్టెంబరు 23న సెబీ ఒక అధ్యయనాన్ని విడుదల చేసింది. షేరు లేదా సూచీ ధర ఎటు కదులుతుందో ఊహించి, గడువు పెట్టుకొని కుదుర్చుకునే ఒప్పందాలు ఫ్యూచర్స్, ఆప్షన్స్. 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఈ విభాగంలో లావాదేవీలు జరిపిన వ్యక్తిగత మదుపరులు కోటిమందికి పైగా ఉన్నారు. వారిలో 93 శాతం మంది నష్టపోయారు. ఖర్చులతో కలిపి తలసరి నష్టం సుమారు రెండు లక్షల రూపాయలు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటింది. ఈ వ్యాపారుల్లో ముప్పై ఏళ్లలోపు వారి వాటా 2022-23లో 31 శాతం ఉండగా, మరుసటి ఏడాదికి 43 శాతం అయింది. కళాశాల తరగతి గదుల నుంచి ఇటీవలే బయటికి వెళ్లినవారు, ఇంకా అక్కడే కూర్చున్నవారు ఈ వాటాలో ఉంటారనడానికి వేరే రుజువు అక్కరలేదు.

అదే అధ్యయనంలో సాహిత్య విద్యార్థిని ఆపి నిలబెట్టే వాక్యం మరొకటి ఉంది. వరుస సంవత్సరాలు నష్టం వచ్చినా, నష్టపోయినవారిలో 75 శాతానికి పైగా లావాదేవీలు మానలేదు. లాభం కోసమే మనిషి వ్యాపారం చేస్తాడనే సూత్రం ఈ ఒక్క అంకె దగ్గర తడబడుతుంది. ఓడినవాడు మళ్లీ ఎందుకు కూర్చుంటాడన్న ప్రశ్న అర్థశాస్త్రానికి కొత్త కావచ్చు. భారతానికి మాత్రం అది కథను నడిపించే ప్రశ్న.

తెలుగు అధ్యయన సంప్రదాయంలో ఈ ప్రశ్న ముక్కలైపోయింది. సభాపర్వ ద్యూతాన్ని సప్తవ్యసనాలకు దృష్టాంతంగా చెప్పి ముగిస్తాం. నలుడనగానే శృంగారనైషధం గుర్తుకొస్తుంది. శ్రీనాథుని కావ్యం ద్యూతం దాకా రానే రాదు కాబట్టి జూదరి నలుడు మన స్మృతిలో పలచబడ్డాడు. కంకుని పాచికలు తిక్కన భాగంలో ఉన్నాయి కనుక వాటిని నాటకీయతకు ఉదాహరణగా చూస్తాం. కవిని బట్టి పర్వాలను విడదీసి బోధించడంలో సౌకర్యం ఉంది. దానివల్ల మూడు ఘట్టాలనూ కలిపే దారం తెగింది. సభలో ఓడిన ధర్మరాజే అడవిలో నలుని కథ విన్నాడు. విన్న తరువాత అక్షహృదయం నేర్చాడు. అది నేర్చినవాడే విరాటుని కొలువులో పాచికలు పట్టాడు. ఈ మూడింటినీ ఒకే మనిషి చరిత్రగా చదివితేనే జూదరి మనసు గురించి భారతం చెప్పదలచుకున్నది తెలుస్తుంది.

2. శకుని అంచనా

ద్యూతానికి ముందు శకుని దుర్యోధనునికి ధర్మరాజు గురించి మూడు సంగతులు చెబుతాడు. అతనికి జూదమంటే ఇష్టం. ఆడడం తెలియదు. పిలిస్తే మాత్రం కాదనలేడు. వీటిలో మొదటిది అభిరుచి, రెండవది నైపుణ్యలోపం, మూడవది స్వభావం. వ్యూహమంతా నిలబడింది మూడవదానిమీదే. అభిరుచి ఉన్నా పిలుపును కాదనగలిగినవాడు ఇంట్లో ఉండిపోతాడు. నైపుణ్యం లేకపోయినా మధ్యలో లేవగలిగినవాడు కొంత మిగుల్చుకుంటాడు. పిలుపుకు వెనుదిరగకపోవడం క్షత్రియునిగా ధర్మరాజు వ్రతం. అతని వ్యక్తిత్వంలో అందరూ మెచ్చే అంశమే శకునికి పట్టు దొరికిన చోటు.

వ్యక్తిత్వానికీ మదుపు నిర్ణయాలకూ ఉన్న సంబంధాన్ని వెదికే పరిశోధనలు సాధారణంగా ఉద్రేకం, దుడుకుతనం, అత్యాశ వంటి దోషాలమీద దృష్టి పెడతాయి. శకుని అంచనా అంతకంటె సూక్ష్మమైనది. ఒక వ్యవస్థలో సుగుణమైనది మరొక వ్యవస్థలో బలహీనత కాగలదని అతనికి తెలుసు. పట్టు విడవకపోవడాన్ని చదువులో, సేద్యంలో, ఉద్యోగంలో మెచ్చుకుంటాం. అదే గుణం నష్టంలో ఉన్న షేరును ఇంకా తక్కువ ధరకు మరికొంత కొనిపించి, 'యావరేజ్ చేశాను' అనిపిస్తుంది. కష్టపడితే ఫలితం వస్తుందని నమ్మి పెరిగిన మధ్యతరగతి యువకుడు ఎక్కువ లావాదేవీలు చేయడాన్నే ఎక్కువ కష్టపడడంగా పొరబడవచ్చు. బ్రాడ్ బార్బర్, టెరెన్స్ ఓడీన్ 2000లో ప్రచురించిన పరిశోధన అమెరికాలో ఒక బ్రోకరు దగ్గర ఖాతాలున్న 66,465 కుటుంబాల లెక్కలను 1991 నుంచి 1996 వరకు పరిశీలించింది. అందరికంటె ఎక్కువగా కొని అమ్మినవారికి ఏడాదికి 11.4 శాతం ప్రతిఫలం వచ్చింది. అదే కాలంలో మార్కెట్ ఇచ్చింది 17.9 శాతం. శ్రమ పెరిగినకొద్దీ ఫలం తరిగింది.

3. పోగొట్టుకున్న చోట

ధర్మరాజు పందేల క్రమం అందరికీ తెలిసినదే. మణులు, బంగారం, రథం, పరిచారకులు, ఏనుగులు, గుర్రాలు, ధనాగారం వరుసగా పోతాయి. నడుమ విదురుడు హెచ్చరిస్తాడు. ఆట ఆగదు. గోవులు, భూమి, తమ్ములు, తాను, చివరకు ద్రౌపది. ఈ క్రమాన్ని వివేకభ్రంశం అని ఒక్క మాటలో ముగించవచ్చు. అయితే ఆ మాట వివరించేది తక్కువ. పోయేకొద్దీ మనిషి జాగ్రత్తపడాలి కదా. పందెం ఎందుకు పెరుగుతుంది?

డేనియల్ కానమన్, ఏమస్ ట్వర్‌స్కీ 1979లో ప్రచురించిన పత్రంలో ఒక ప్రశ్న ఉంది. ఖాయంగా 3,000 పోగొట్టుకుంటారా, లేక 80 శాతం అవకాశంతో 4,000 పోయి, 20 శాతం అవకాశంతో ఏమీ పోకుండా ఉండే పందేనికి ఒప్పుకుంటారా? లెక్క ప్రకారం పందెంలోనే సగటు నష్టం ఎక్కువ, 3,200. అయినా 92 శాతం మంది పందేన్నే ఎంచుకున్నారు. అవే అంకెలను లాభంగా మార్చి అడిగితే 80 శాతం మంది ఖాయమైన 3,000 చాలన్నారు. మనిషికి సహజంగా సాహసమో, పిరికితనమో ఉంటుందని చెప్పడం కష్టమని ఇది చూపుతుంది. ఒకే మనిషి లాభంలో పిరికివాడు, నష్టంలో సాహసి. నష్టాన్ని ఒప్పుకోవడం మనసుకు ఎంత బరువంటే, దాన్ని తుడిచేసే అవకాశం ఏ కొంచెమున్నా ఇంకా పెద్ద నష్టానికి సిద్ధపడతాడు. 1990లో రిచర్డ్ థేలర్, ఎరిక్ జాన్సన్ దీనికి మరో మెలిక జోడించారు. ముందే నష్టపోయినవానికి అన్నిటికంటె ఆకర్షణీయంగా కనబడేది పోయినదంతా ఒక్క దెబ్బతో తిరిగి తెచ్చే పందెం. తెలుగులో దీనికి పరిశోధనాపత్రం అక్కరలేదు. పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలనే మాట ఉంది.

తనను తాను ఓడిన ధర్మరాజు ముందు శకుని పెట్టే ప్రతిపాదన సరిగ్గా ఈ రూపంలోనే ఉంటుంది. ఇంకా ఓడని పందెం ఒకటి ఉందని, పాంచాలిని ఒడ్డి తనను తాను తిరిగి గెలుచుకోవచ్చని అతడంటాడు. కొత్తగా ఏదో లాభం వస్తుందనే ఆశ అందులో లేదు. మొదటికి రావచ్చుననే ఆశ ఒక్కటే ఉంది. ఇక్కడ శకుని పాచికల నేర్పు కంటె మాట నేర్పు పెద్దది. ప్రతి ఓటమి తరువాతా 'ఇంకా ఏముంది?' అని అడగడమే అతని పని. నేటి మదుపరికి ఆ ప్రశ్న చేతిలోని ఫోను తెరమీద, రంగుల్లో, శబ్దంతో సహా వస్తుంది.

ఈ ఘట్టంపై అన్నిటికంటె విలువైన వ్యాఖ్య ధర్మరాజుదే. అరణ్యపర్వంలో భీముడు నిలదీసినప్పుడు అతడు దాపరికం లేకుండా రెండు నిజాలు ఒప్పుకుంటాడు. దుర్యోధనుని రాజ్యం గెలుచుకోవాలనే కోరికతోనే తాను పాచికలు పట్టాడు. పాచికలు శకుని కోరినట్టే పడుతున్నాయని కళ్లెదుట చూశాక మనసును నిగ్రహించుకోవడం సాధ్యమే. అయితే క్రోధం ధైర్యాన్ని చంపింది. పిలుపును కాదనలేక వచ్చాడనే సమర్థన వెనుక లాభాపేక్ష ఉందని ఆ లాభాపేక్ష కలిగినవాడే చెబుతున్నాడు. ఆట తనకు వ్యతిరేకంగా నడుస్తోందన్న సమాచారం తన దగ్గర ఉందని కూడా చెబుతున్నాడు. కనుక సభాపర్వంలో లోపించింది సమాచారం కాదు. ధర్మరాజును ఆట తెలియని అమాయకునిగా చిత్రించే వ్యాఖ్యానాలు అతని ఈ ఒప్పుకోలును పరిగణనలోకి తీసుకోవడం లేదు.

ధృతరాష్ట్రుడు ద్రౌపదికి వరాలిచ్చి, పోయినవన్నీ తిరిగి ఇప్పించాక జరిగే అనుద్యూతం మరింత కఠినమైన సాక్ష్యం. నష్టం పూర్తిగా తీరిపోయింది, ఇంటిదారి పట్టారు, దారిలో మళ్లీ పిలుపు, మళ్లీ వెళ్లాడు. ఇంటివారు అప్పులు తీర్చాక, నగలు విడిపించాక మళ్లీ ఖాతా తెరిచే కొడుకులున్న కుటుంబాలకు ఈ ఘట్టం పురాణంలా వినిపించదు.

4. దమయంతి చూపు

నలోపాఖ్యానంలో ఆట ఒక్కరోజుది కాదు; నెలల తరబడి సాగుతుంది. పౌరులు వాకిట నిలబడతారు, మంత్రులు వస్తారు, నలుడు పలకడు. కలి అతనిలో ప్రవేశించాడని కథ చెబుతుంది. ఆ కారణాన్ని నమ్మినా నమ్మకపోయినా దమయంతి ప్రవర్తన మాత్రం పూర్తిగా మానవీయం. తాను ఆటను ఆపలేనని ఆమె గ్రహించింది. అప్పుడు సారథి వార్ష్ణేయుణ్ణి పిలిచి, పిల్లలిద్దరినీ రథమెక్కించి కుండినపురంలో తన తండ్రి ఇంటికి పంపింది. మొత్తం కథలో వివేకంతో కూడిన ఆర్థిక నిర్ణయం ఇదొక్కటే. జూదరిని మార్చే ప్రయత్నం విఫలమయ్యాక, జూదానికి అందకుండా కొంత పక్కకు తీసిపెట్టడం అది.

బార్బర్, ఓడీన్‌ల 2001 నాటి పరిశోధన పురుషులు స్త్రీలకంటె 45 శాతం ఎక్కువగా లావాదేవీలు జరుపుతారని తేల్చింది. ఆ లావాదేవీల వల్ల పురుషుల నికర ప్రతిఫలం ఏడాదికి 2.65 శాతం, స్త్రీలది 1.72 శాతం తగ్గింది. దీన్ని దమయంతికి అన్వయించి స్త్రీ వివేకమని పొగడడం తేలిక. అది పొరపాటు కూడా. సభాపర్వంలో ఆటను స్పష్టంగా చూసినవాడు విదురుడు. దమయంతికీ విదురునికీ ఉన్న సామ్యం స్త్రీత్వం కాదు. వారి చేతిలో పాచికలు లేవు. పాచికలు పట్టినవానికి ప్రతి పతనమూ తన పతనం. పక్కన నిలబడినవారికి అది ఒక వరుసలో మరొకటి. పుష్కరుడే గెలుస్తున్నాడన్న వరుసను దమయంతి చూసింది.

నలుడు సర్వం ఓడాక పుష్కరుడు దమయంతిని ఒడ్డమంటాడు. నలుడు బదులివ్వడు, నగలు విప్పి, కట్టుబట్టతో లేచిపోతాడు. కలి ఆవహించి ఉన్నాడని కథ చెబుతున్న ఈ క్షణంలోనే అతడు ఆగగలిగాడు. ధర్మరాజు ఆగని చోట నలుడు ఆగాడు. ఈ సంగతి కథ చివరలో చాలా అవసరమవుతుంది.

5. ఆకులు లెక్కపెట్టినవాడు

బాహుకుడనే పేరుతో నలుడు అయోధ్యలో ఋతుపర్ణుని సారథిగా ఉంటాడు. దమయంతి పునఃస్వయంవర వార్త విని ఇద్దరూ విదర్భకు బయలుదేరుతారు. రథవేగం ఎంతటిదంటే, జారిన ఉత్తరీయం కోసం ఆపమని ఋతుపర్ణుడు అడిగేసరికి అది యోజనం వెనుకబడింది. జూదరి నలుడు వేగప్రియుడు కూడా కావడం కాకతాళీయమే కావచ్చు. అయినా ఒక ముచ్చట చెప్పుకోదగ్గది. ఫిన్లాండులో మార్క్ గ్రిన్‌బ్లాట్, మట్టి కెలోహర్యు మదుపరుల లావాదేవీలను, వారికి పడిన అతివేగపు జరిమానాలను పక్కపక్కన పెట్టి చూశారు. జరిమానాలు ఎక్కువ పడినవారే షేర్లనూ ఎక్కువగా కొని అమ్మారని 2009లో ప్రకటించారు. ఉత్తేజాన్ని కోరే స్వభావం రోడ్డు మీదా, మార్కెట్‌లోనూ ఒకటే అన్నమాట.

దారిలో తాండ్రచెట్టు దగ్గర ఋతుపర్ణుడు తన విద్య చూపుతాడు. రాలిన ఆకులెన్ని, కొమ్మల మీది ఆకులెన్ని, కాయలెన్ని అన్నది చూసీచూడగానే చెప్పేస్తాడు. నలుడు నమ్మడు. చెట్టును పడగొట్టి లెక్కిస్తాడు, లెక్క సరిపోతుంది. కొన్నిటిని చూసి మొత్తాన్ని అంచనా కట్టే ఈ విద్యకూ పాచికల విద్యకూ కథ సంబంధం చెప్పడం పాశ్చాత్యులను కూడా ఆకర్షించింది. సంభావ్యతాభావం పుట్టుక గురించి 1975లో వెలువడిన గ్రంథంలో ఇయాన్ హాకింగ్ ఈ ఘట్టాన్ని ప్రస్తావించాడు. అశ్వహృదయానికి బదులుగా నలుడు అక్షహృదయం పొందుతాడు. పొందిన వెంటనే కలి అతని శరీరాన్ని విడుస్తాడు.

ప్రచారంలో ఉన్న పఠనానికి ఇదే ఆధారం. విద్య వచ్చింది, కలి పోయాడు, రాజ్యం దక్కింది. 'ఆప్షన్స్ నేర్చుకోండి, నష్టాలు మరచిపోండి' అనే నేటి శిక్షణ ప్రకటనలకు ఇంతకంటె మంచి పురాణకథ దొరకదు. అయితే కథ అక్కడ ఆగలేదు. నలుడు తిరిగి వచ్చి పుష్కరుణ్ణి పిలుస్తాడు. ఒకే పందెం. ఒకవైపు పుష్కరుని చేతిలోని రాజ్యం; మరోవైపు నలుడు తాను సంపాదించినదంతా, ప్రాణం, దమయంతి. ఓడిపోతున్నప్పుడు, కలి లోపల ఉన్నప్పుడు ఒడ్డని దమయంతిని, విద్య వచ్చాక, కలి పోయాక ఒడ్డాడు.

గెలిచాడు కనుక ఈ పందేన్ని ఎవరూ ప్రశ్నించరు. ఫలితాన్ని బట్టి నిర్ణయాన్ని తూచడం పాఠకులకూ మదుపరులకూ ఉన్న ఉమ్మడి దోషం. పందెం వేసే క్షణానికి ఫలితం తెలియదు. ఆ క్షణంలో నలుడు చేసింది ధర్మరాజు సభలో చేసినదానికి భిన్నం కాదు. విద్య అతని గెలుపు అవకాశాన్ని పెంచి ఉండవచ్చు. దానికంటె ఎక్కువగా పందేన్ని పెంచింది. తన ఆధీనంలో లేని ఫలితాన్ని తన నేర్పుతో నడపగలనని మనిషి నమ్మడాన్ని ఎలెన్ లాంగర్ 1975లో నియంత్రణ భ్రమ అన్నారు. నలునిది పూర్తిగా భ్రమ కాదు, అతనికి నిజంగా విద్య ఉంది. ప్రమాదం అక్కడే ఉంది. కొంచెం విద్య నిజంగానే ఉన్నవానికి ఎంత పందెం తగునో ఆ విద్య చెప్పదు. నలోపాఖ్యానంలో పరివర్తన కథను వెదికేవారు కలి నిష్క్రమణను చూస్తారు. పణం ఎంతన్నది చూసినవారికి ఆ పరివర్తన అసంపూర్ణమనిపిస్తుంది. ఈ వ్యాసం రెండవ పక్షం వహిస్తోంది.

6. పోలిక ఆగే చోటు

పాచికలకూ మార్కెట్‌కూ పోలిక అంతటా సాగదు. సంస్థల ఆదాయాలు పెరిగితే ఏళ్ల తరబడి షేర్లు పట్టుకున్నవారందరూ కలిసి లాభపడగలరు. ద్యూతంలో ఆ అవకాశం లేదు. ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో మాత్రం ఒకరి లాభం మరొకరి నష్టమే, పైగా ఇద్దరికీ ఖర్చులు. పోలిక పొసిగేది ఇక్కడే. మరో తేడా కూడా ఉంది. పాచిక పడగానే ఓటమి బయటపడుతుంది. షేరు అమ్మేదాకా నష్టం కాగితం మీదే ఉంటుంది కనుక దాన్ని నష్టం కాదని అనుకోవచ్చు. లాభంలో ఉన్నది త్వరగా అమ్మి, నష్టంలో ఉన్నది అట్టే పెట్టుకునే అలవాటును హెర్ష్ షెఫ్రిన్, మేర్ స్టాట్‌మన్ 1985లో వివరించారు. దీనికి భారతంలో సమాంతరం వెదకడం వృథా.

మనస్తత్వ విశ్లేషణకు ఉన్న పెద్ద పరిమితి మరొకటి. అది దోషాన్ని పూర్తిగా ఆడినవాని మీద పెడుతుంది. ఆట కోసం సభ కట్టించినవాడు ధృతరాష్ట్రుడు. పాచికలు వేసినవాడు కపటద్యూతంలో ఆరితేరినవాడు. సెబీ లెక్కల ప్రకారం 2023-24లో ఖర్చులు తీసివేయకముందు సొంత సొమ్ముతో వ్యాపారం చేసే సంస్థలు 33,000 కోట్లు, విదేశీ సంస్థాగత మదుపరులు 28,000 కోట్లు ఈ విభాగంలో గడించారు. వ్యక్తులు, ఇతరులు నష్టపోయినది 61,000 కోట్లకు పైగా. ఆ సంస్థల లాభాల్లో 96, 97 శాతం కంప్యూటర్ అల్గారిథమ్‌ల ద్వారా వచ్చినవే. రథం కదులుతుండగానే ఆకుల లెక్క చెప్పే ఋతుపర్ణుడు నేడు ఆ యంత్రాల్లో ఉన్నాడు. చిన్న మదుపరి ఇంకా చెట్టు నరికి లెక్కపెడుతున్నాడు. ఒప్పందం కనీస విలువను 15 లక్షలకు పెంచడం, వారాంతపు గడువులను ఒక్కో ఎక్స్ఛేంజీలో ఒకే సూచీకి పరిమితం చేయడం వంటి చర్యలను సెబీ 2024 నవంబరు నుంచి అమలులోకి తెచ్చింది. అవి సభ కొలతలను మార్చే ప్రయత్నాలు. అయినా 2024-25లో నష్టపోయినవారు 91 శాతం, నికర నష్టం 1,05,603 కోట్లు.

7. కంకుని మాట

బృహదశ్వుడు నలుని కథ ముగించి ధర్మరాజుకు అక్షహృదయం ఉపదేశిస్తాడు. మళ్లీ ఎవరైనా ద్యూతానికి పిలుస్తారేమోనన్న భయం అతనిలో ఉందని గ్రహించి, ఆ భయం తీర్చడానికే ఇస్తాడు. కోరిక తీరడానికి కాదు. ఈ భేదం ముఖ్యమైనది. విరాటపర్వంలో కంకుడైన ధర్మరాజు ఆ విద్యను కొలువులో వినోదంగా మార్చుకుంటాడు.

ఉత్తరుడు కౌరవసేనను గెలిచాడన్న వార్త వచ్చినప్పుడు విరాటుడు ఆనందంతో ఊగిపోతూ పాచికలు తెమ్మంటాడు. సంతోషంతో పొంగిపోయిన జూదరితో ఆడకూడదని పెద్దలు చెప్పగా విన్నామని కంకుడు వారిస్తాడు. ద్యూతంలో రాజ్యం పోగొట్టుకున్న యుధిష్ఠిరుని పేరు కూడా, అది తాను కానట్టే, ఉదాహరణగా చెబుతాడు. నష్టంలో ఉన్నవాని మనసు సభాపర్వంలో చూశాం. గెలుపు మత్తులో ఉన్నవాని మనసు ఇది. సూచీలు ఎగబాకిన కాలంలోనే కొత్త ఖాతాలు వెల్లువెత్తడం గమనించినవారికి కంకుని హెచ్చరికలోని అనుభవం అర్థమవుతుంది.

ధర్మరాజుకు ఇప్పుడు విద్య ఉంది. నష్టం తెలుసు. ఎదుటివాని మనఃస్థితిని కొలిచే చూపు కూడా అలవడింది. అయినా ఆ మాట చెప్పిన తరువాత, ప్రభువుకు ప్రియం చేయాలనుకుంటున్నానని, అతనికి ఇష్టమైతే ఆట సాగనిమ్మని అంటాడు. పాచికలు దొర్లుతాయి. కొద్దిసేపటికి అవే పాచికలు విరాటుని చేతి నుంచి కంకుని ముఖానికి తగిలి రక్తం కారుతుంది.